రావు సాహెబు కచేరీలో ఒక పేజీ

నాన్నగారి పన్నెండో రోజు గడిచాక ఆయన పింఛను కాగితాల సంచీ సర్దుతున్నాను. అడుగున, పాత హిందీ పేపర్లో చుట్టి, రెండు అట్టముక్కల మధ్య మడత పడకుండా పెట్టిన పెద్ద కాగితం ఒకటి చేతికి తగిలింది. దాని ఎడమ అంచు వంకరటింకరగా చిరిగి ఉంది. పూర్తిగా విప్పకముందే అదేమిటో తెలిసిపోయింది. ఇరవై ఏళ్ళ కిందట ఆ కాగితాన్ని ఖారూన్ నదిలో కలిపేసి వచ్చానని నాన్నగారు అమ్మతోనూ నాతోనూ చెప్పారు. మా ఇంట్లో నాన్నగారి మాటని రెండోసారి అడిగే అలవాటు లేదు కాబట్టి మేమూ అడగలేదు. ఆయన కలపలేదు. ఇన్నేళ్ళూ దాచారు. అది ఒక జనన రిజిస్టరులోంచి చింపిన పేజీ. ముందు ఆరు, వెనక ఆరు, మొత్తం పన్నెండు పుట్టుకలు. ఒకటి నాది. తక్కిన పదకొండు మంది ఎవరో నాకు తెలియదు. వాళ్ళు పుట్టినట్టు సర్కారు దగ్గర ఇంకెక్కడైనా రాసి ఉందో లేదో కూడా తెలియదు. మా వంశం గురించి రాస్తున్న ఈ జ్ఞాపకాల్లో ఆ సంగతి ఒక్కటి వదిలేద్దామనే మొదట్నుంచీ అనుకున్నాను. కాగితం ఎదురుగా ఉన్నాక వదలడం కుదరలేదు.

ఆ పేజీ పుట్టిన భవనం ఇప్పుడు లేదు. నాన్నగారి మరణం నమోదు చేయించడానికి రాయ్‌పూర్ వెళ్ళిన రోజున, పని అయ్యాక, అది ఉండిన చోటికి నడిచి వెళ్ళాను. అక్కడ ఇప్పుడు మూడంతస్తుల పార్కింగ్ ఉంది. పై రెండు అంతస్తుల్లో పావురాలు తప్ప ఏమీ లేవు. రైల్వే లైనుకి కంకర సరఫరా చేసిన మా ముత్తాత, రాగోలు అప్పలనరసయ్యగారు, తన సొంత కచేరీ కోసం కట్టించుకున్న భవనం అది. నల్లరాతి స్తంభాలు, బెంగుళూరు పెంకులు, చుట్టూ మూడు వైపులా వరండా. ఒక వానాకాలం మున్సిపాలిటీ వాళ్ళ ఆఫీసు కప్పు కూలితే, తాత్కాలికంగా వాడుకోండని తాళాలు ఇచ్చారట. మళ్ళీ అడగలేదు. అడగడం ఆయనకు చేతకాదని మా నానమ్మ అనేది. కొన్నాళ్ళకి వాళ్ళే ఆయన పేరు చెక్కిన పలక ఒకటి గుమ్మం పక్కన గోడలో పొదిగారు. ఆయన్ని రావు సాహెబు అనేవారు కాబట్టి పారాలో, అంటే ఆ పేటలో, అందరికీ అది రావు సాహెబు కచేరీ. బోర్డు మీద మాత్రం వార్డు కార్యాలయం అని ఉండేది. ఆ బోర్డు చదివిన వాళ్ళని నేను చూడలేదు.

నాకు ఊహ తెలిసేసరికి మా బంగళా ముక్కలు ముక్కలుగా చేతులు మారిపోయింది. నాన్నగారు రైల్వేలో బుకింగ్ క్లర్కు. మేం ఉండేది రెండు గదుల క్వార్టరు. అందులో సగం గది మా ముత్తాత నాటి టేకు బీరువాకే సరిపోయేది. అది గుమ్మంలోంచి పట్టక తలుపు చట్రం ఊడదీసి లోపలికి తెచ్చారట. అయినా సాయంత్రం నాలుగయ్యేసరికి తాతగారు నానమ్మ ఇస్త్రీ చేసిన లాల్చీ, పంచె వేసుకుని ఆ కచేరీకి వెళ్ళేవారు. ఒకప్పుడు రెండుసార్లు వార్డు మెంబరుగా ఉన్న మనిషి. పదవి పోయి చాలా ఏళ్ళయినా ఆయన కుర్చీ మాత్రం వరండాలో అలాగే ఉండేది. నన్నూ వెంట తీసుకెళ్ళేవారు. శానిటరీ గదిలోంచి బ్లీచింగ్ పౌడరు వాసన, పన్ను గదిలోంచి జిగురు వాసన, వెనక పెరట్లో కుక్కల మెడకి కట్టే రేకు బిళ్ళల చప్పుడు. వరండాలో బల్లమీద ఆడవాళ్ళు పిల్లల్ని పట్టుకుని చుక్కల మందుకోసం కూర్చునేవారు. తాతగారు వస్తే కొందరు లేచేవారు. ఆయన చేత్తో కూర్చోమని సైగ చేసేవారు, కాని వాళ్ళు లేచిన తర్వాతే. ఆ తేడా నేను అప్పుడే గమనించాను. గర్వపడ్డాను కూడా.

మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే తక్కినదేదీ అర్థం కాదు. మావాళ్ళ కోడళ్ళందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. పురిటికి పుట్టింటికి వెళ్ళాల్సిందే. అందుకని రాగోలు వారి పిల్లలు ఎవరూ రాయ్‌పూర్లో పుట్టలేదు. నాన్నగారు టెక్కలిలో, నేను పలాసలో. కాని మా ముత్తాతకి అది నచ్చలేదు. ఈ ఊళ్ళో ఇంత కట్టించినవాడి మనవలు ఈ ఊరి పుస్తకంలో లేకపోవడమేమిటని ఆయన అభ్యంతరం. పుట్టింటి నుంచి నాలుగు మూలలా పసుపు రాసిన కార్డు వచ్చిన రోజున, ఆయన తలస్నానం చేసి, మినప సున్నుండల డబ్బా పట్టుకుని కచేరీకి వెళ్ళి, ఆ రోజే, ఈ ఊళ్ళోనే, తన ఇంట్లోనే బిడ్డ పుట్టినట్టు రాయించేవారు. ఆయన తర్వాత తాతగారూ అదే చేశారు. అది అబద్ధమని వాళ్ళకి తట్టలేదు. గుమస్తాలకీ తట్టలేదు. కార్డు పలాస నుంచి రావడానికి అయిదు రోజులు పట్టింది కాబట్టి నా పుట్టినరోజు ఇక్కడి పుస్తకంలో అయిదు రోజులు ఆలస్యం. నానమ్మ ఒకసారి, “పుట్టింది కార్డు కాదండీ, పిల్ల” అన్నది. తాతగారు, “మనింటికి తెలిసిన రోజే మనింట్లో పుట్టినట్టు” అన్నారు. దాంతో ఆ వాదన అయిపోయింది. నాకైతే రెండు పుట్టినరోజులు. అమ్మ ఇచ్చేది ఒకటి, తాతగారు ఇచ్చేది ఒకటి. ఏ పిల్ల వద్దంటుంది.

తాతగారు నా పదో ఏట పోయారు. నాకు పధ్నాలుగో, పదిహేనో ఏడు వచ్చేసరికి కొత్త రాష్ట్రం వచ్చింది. రాయ్‌పూర్ రాజధాని అయింది. ఊరు ఒక్కసారిగా ఒళ్ళు విరుచుకుంది. తెలీబంధా దగ్గర చెరువు చుట్టూ ఏవేవో లేచాయి, మందిర్ హసౌద్ అవతల కొత్త ఊరే కడతారని అనుకోసాగారు. దానితోపాటు అంతకుముందు వినని మాట ఒకటి వినిపించడం మొదలైంది. బాహర్‌వాలే. బయటివాళ్ళు. స్కూల్లో నవ్వుతూనే అనేవారు, నేనూ నవ్వేదాన్ని. కాని ఇంటికొచ్చి నాన్నగారితో చెబితే ఆయన నవ్వేవారు కాదు. “పుస్తకం తీసి చూసుకోమను. మూడు తరాలు ఉన్నాయి అక్కడ” అనేవారు. బంగళా పోయింది, ఊరి చివర స్థలాలు పోయాయి. మిగిలింది ఆ పుస్తకంలో పేర్లే. అవి ఎవరూ తీసుకోలేరని ఆయన ధీమా.

పన్నెండో తరగతి అయ్యాక మెడికల్ ప్రవేశ పరీక్షలో నాకు ర్యాంకు వచ్చింది. గొప్ప ర్యాంకేం కాదు. ఈ రాష్ట్రం పిల్లలకి కేటాయించిన సీట్లలో చివరి వరసలో ఒకటి దొరికేంత. దానికి మూల నివాసి సర్టిఫికెట్ కావాలి. కౌన్సెలింగుకి తొమ్మిది రోజులుంది. నాన్నగారు ముందే కచేరీ నుంచి నా జనన పత్రం నకలు తీసి ఇస్త్రీ మడత పోకుండా ఫైల్లో పెట్టి, నన్ను వెంటబెట్టుకుని తహసీలుకి వెళ్ళారు. గుమస్తా ఆ పత్రాన్నీ నా పదో తరగతి మార్కుల జాబితానీ పక్కపక్కన పెట్టాడు. తేదీల్లో అయిదు రోజుల తేడా. నన్ను స్కూల్లో చేర్చిన నాడు తాతగారు ఊళ్ళో లేరు, ఆయన బీరువా తాళం ఆయన జేబులోనే ఉంది, అమ్మ తన పెట్టెలో ఉన్న పలాస కాగితం ఇచ్చింది. ఆ సంగతి మాకెవరికీ గుర్తే లేదు. గుమస్తా అడుగుతుంటే నాన్నగారు ఉన్నది ఉన్నట్టు చెప్పారు, కొంచెం గర్వంగా కూడా.

“అయితే ఏం రావ్‌జీ, మీ అమ్మాయి రెండుసార్లు పుట్టిందా?” అన్నాడతను హిందీలో. వెనక వరసలో నవ్వారు.

గుమస్తా చెడ్డవాడు కాదు. కాగితాలన్నీ తిరిగి మా చేతికి ఇచ్చేసి, “పలాసది పట్టుకురండి. పదేళ్ళుగా ఇక్కడే చదివింది, అది చాలు, సర్టిఫికెట్ వచ్చేస్తుంది. కాని ఇక్కడి రిజిస్టర్లో కూడా పేరుందని మీరే చెప్పారు. ఆ పేరు కొట్టేయించుకు రండి. లేదా అక్కడ అలాంటి పేరు లేదని రాయించుకు రండి. లేకపోతే రేపు నా మెడకి చుట్టుకుంటుంది” అన్నాడు.

“కొట్టేయించాలంటే?”

“సమాచారం ఇచ్చిన మనిషి తప్పు చెప్పాడని ఇంటివాళ్ళు రాసి సంతకం పెట్టాలి. అంతే.”

అంతే అన్న మాటకి నాన్నగారి వీపు ఇంకాస్త బిగుసుకుంది. ఇంటిదాకా రిక్షాలో తొమ్మిది రోజులు, తొమ్మిది రోజులు అని నా లోపల ఎవరో గొణుగుతున్నారు.

ఆ తర్వాతి నాలుగు రోజులూ మా ఇంట్లో అన్నం మెతుకులు లెక్కపెట్టి తిన్నట్టు తిన్నాం. అమ్మ పోపు పెడితే ఆ చిటపటకి ఉలిక్కిపడేదాన్ని. నాన్నగారు డ్యూటీకి వెళ్ళేవారు, వచ్చేవారు, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. అడిగే ధైర్యం నాకు లేదు. అయిదో రోజు అమ్మ అడిగింది. వంటింట్లోంచి బయటికి రాకుండానే అడిగింది.

“ఏటండీ, రాసిచ్చీస్తే ఏటైపోద్ది? పోయినాయన్ని వచ్చి పట్టుకుపోతారా?”

“నీకు తెలీదు, ఊరుకో.”

“నాకేటి తెలీదు? నేను కన్నాను. ఎక్కడ కన్నానో నాకు తెలీదా? మా నాన్న పంచాయతీలో రాయించింది నిజం. మీ నాన్నగారు రాయించింది ముచ్చట. ముచ్చట కోసం పిల్ల సీటు పోగొడతారా?”

నాన్నగారు, “దానిది కొట్టీస్తే నాదీ కొట్టీయాలి. నాకూ అలాగే రాయించేరు. మా చెల్లెళ్ళకీ అంతే. ఆ పెద్దవాళ్ళ సంతకాలన్నీ అబద్ధాలని నా చేత్తో నేను రాయాలా? మా తాత ఇచ్చిన ఆ కచేరీలోనే కూర్చుని?” అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అది కోపం కాదు, భయం. ఆయన భయపడగలరని అంతవరకు నాకు తెలియదు. తెలిశాక నా భయం రెట్టింపయింది.

అమ్మ పలాస కాగితం తన పెట్టెలోంచి తీసి ఆయన పక్కన స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న నాన్నగారు సెలవు పెట్టి, “పాపా, చెప్పులు తొడుక్కో” అన్నారు. కచేరీకి వెళ్ళాం. వార్డులన్నీ కలిపి కొత్త ఆఫీసు కట్టారని, దీన్ని పడగొడుతున్నారని వినే ఉన్నాం. కాని చూడలేదు. పన్ను గది అప్పటికే లేదు. ఇద్దరు కూలీలు సమ్మెటలతో శానిటరీ గది గోడ కొడుతున్నారు. రాయి గట్టిది, దెబ్బ దెబ్బకీ నిప్పురవ్వలు లేస్తున్నాయి గాని పెళ్ళ ఊడి రావడం లేదు. పెంకులు దింపి వరండాలో పేర్చారు. తాతగారి కుర్చీ ఎటు పోయిందో తెలియదు. మా ముత్తాత పేరున్న పలకని ఊడదీసి, చెట్టు మొదట్లో పడుకోబెట్టి, దానిమీద కూలీలు తమ అన్నం గిన్నెలు పెట్టుకున్నారు. నాన్నగారు దాని ముందు ఒక్క క్షణం ఆగారు. అది నాదని అంటారేమో అనుకున్నాను. అనలేదు. చెప్పుల దుమ్ము దులుపుకుని లోపలికి నడిచారు.

జనన మరణాల గది ఇంకా నిలబడి ఉంది. పైన సగం ఆకాశం. రాత్రి వాన పడిందేమో, ఒక మూల అటక కింద పుస్తకాలు ముద్దయి పడి ఉన్నాయి. బిసాహూ బాబు గోనె సంచుల మధ్య కూర్చుని తక్కిన రిజిస్టర్లని తాళ్ళతో కడుతున్నాడు. కళ్ళజోడుకి ఒక వైపు కాడ బదులు దారం. నా చిన్నప్పటి నుంచీ ఆ గదికి ఆయనే గుమస్తా. నన్ను చూసి, “ఆవ్ నోనీ” అన్నాడు. రా తల్లీ అని. నాన్నగారికి మాత్రం లేచి నిలబడ్డాడు. ఆ ఊళ్ళో మాకోసం లేచి నిలబడిన చివరి మనిషి ఆయనే.

నాన్నగారు విషయం చెప్పడానికి పది వాక్యాలు తీసుకున్నారు. చివరి వాక్యం పూర్తి చేయలేదు. బిసాహూ బాబు పూర్తి చేయనివ్వలేదు.

“పెద్దాయన తప్పు చెప్పారని నా రిజిస్టర్లో నేను రాయను సాహెబ్. మీరు రాసిచ్చినా నేను ఎక్కించను. అలాగని ఉన్న పేరు లేదని కూడా రాయలేను, ఇంక ఏడాదిన్నరలో రిటైర్ అవుతాను.” ఆయన వంగి ఒక రిజిస్టరు తీసి, దుమ్ము ఊది, బల్లమీద తెరిచి పెట్టాడు. వెతకలేదు. పేజీ ఆయనకి తెలుసు. “ఎల్లుండి ఇవన్నీ బోరాల్లో వేసి పంపిస్తాం. నిన్నటి వానకి అటక మీదవి ఎన్ని పోయాయో చూశారుగా. ఏ పుస్తకంలో ఏ పేజీ ఉందో ఎవరు చూడొచ్చారు. పేజీ లేకపోతే, పేరు లేదని నేను రాసేది అబద్ధం కాదు.” తర్వాత తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “దుమ్ము గొంతులో పడింది. చాయ్ తాగి వస్తా.”

వెళ్ళిపోయాడు. గదిలో నేనూ, నాన్నగారూ, ఆ పుస్తకం. పక్క గదిలో సమ్మెట దెబ్బలు. నాన్నగారు బల్ల ముందున్న స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. ఫోటో తీయించుకునేటప్పుడు మా ఇంటి మగవాళ్ళు కూర్చునే తీరు అది. ఆయన చేతులు కదలవని నాకు అర్థమైంది. నేను పేజీ మీదికి వంగాను. నీలి సిరా కాస్త వెలిసిపోయింది. అన్నీ హిందీ రాతలు, ఒక్క నా వరస చివర తప్ప. సమాచారం ఇచ్చినవారి గడిలో తాతగారు తెలుగులో సంతకం పెట్టారు, చివరి అక్షరం తోకని పొడుగ్గా లాగి. నా కింద ఒక రిక్షా మనిషి కొడుకు. తల్లి పేరు బుధియారిన్. వాడి కింద ఒక ఆడపిల్ల. పేరు గడిలో, పేరు పెట్టలేదు అని ఉంది.

“చదవకు” అన్నారు నాన్నగారు.

“వీళ్ళవి కూడా పోతాయి కద నాన్నగారూ?”

“వాళ్ళు నకళ్ళు తీసుకునే ఉంటారు.”

ఉంటారు అన్నారు. ఆ మాటని నేను పట్టుకున్నాను. పట్టుకోవాలని ఉండే పట్టుకున్నాను. కౌన్సెలింగు మూడు రోజుల్లో ఉంది. ఎడమ చేత్తో పుస్తకం కుట్టు దగ్గర అదిమి, కుడిచేత్తో పైనుంచి కిందికి లాగాను. తడి గాలికి కాగితం మెత్తబడింది. చప్పుడే రాలేదు. సగానికి వచ్చేసరికి వంకర పోయింది. “మెల్లగా. పక్కది చిరుగుద్ది” అన్నారు నాన్నగారు, నాకు చిన్నప్పుడు అట్టలు వేయడం నేర్పిన గొంతుతోనే. పక్కది చిరగలేదు. ఆ జాగ్రత్త తీసుకున్నామని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను.

బిసాహూ బాబు తిరిగి వచ్చి, తెరిచి ఉన్న పుస్తకం వైపు చూడకుండానే మూసి, తాడు కట్టాడు. ఉత్తరం రాసి ముద్ర వేసి ఇచ్చాడు. ఈ పేరుతో జనన నమోదు ఇక్కడ దొరకలేదు అని. నాకు సీటు వచ్చింది. నెల తిరక్కుండా భవనం పూర్తిగా నేలమట్టమైంది. మూడు నాలుగేళ్ళు ఆ స్థలంలో వినాయకుడి పందిరి వేసేవారు. ఆ తర్వాత పార్కింగ్. నాన్నగారు ఆ వీధి వైపు వెళ్ళడం మానేశారు. స్టేషనుకి చుట్టూ తిరిగి వెళ్ళేవారు.

నేను ఇప్పుడు తిల్దాలో సర్కారు ఆసుపత్రి డాక్టరుని. కాన్పులు నా పని. నా చేతుల్లో ఎంతమంది పుట్టారో లెక్క లేదు గాని, ప్రతి బిడ్డ ఫారం నేనే పూర్తి చేస్తాను, నర్సులకి వదలను. తల్లి పేరు రెండుసార్లు అడుగుతాను, గడియారం చూసిన టైము పక్కన నా సంతకం పెడతాను, ఫారం వెళ్ళిందో లేదో మర్నాడు కనుక్కుంటాను. నర్సులు నన్ను నా వెనకాల కాగజ్‌వాలీ మేడమ్ అంటారు. అది శ్రద్ధ అనుకుంటారు వాళ్ళు. ఈ మధ్య పాత పుట్టుకలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. బడికీ, రేషన్‌కీ, ఉద్యోగానికీ అదే అడుగుతున్నారు. ఓపీలో ఎవరైనా మాటల మధ్య, మా ఆయన పేరు దొరకలేదట మేడమ్, అంటే నా చేతిలో కలం ఆగిపోతుంది. మొదట అడిగేది జబ్బు గురించి కాదు, మీది రాయ్‌పూర్లో ఏ పారా అని. వేరే పారా పేరు చెబితే ఊపిరి వదులుతాను. అప్పటినుంచీ ఇదే.

తాతగారి రోజుల్లో మనిషి మాటే రికార్డు, ఆ మనిషి మా తాతగారు అయితే. ఆ రెండో ముక్క దగ్గర నేను చాలాకాలం ఆగలేదు. బుధియారిన్ భర్త వచ్చి, నా కొడుకు ఫలానా రోజున పుట్టాడు, రాసుకో, అంటే ఎన్ని ప్రశ్నలు వేసి ఉంటారో. మా తాతగారిని ఒక్కటీ అడగలేదు, పైగా సున్నుండలు తిన్నారు. ఇప్పటి ఆఫీసులో గాజు తలుపులు, టోకెను, కెమెరా. మొన్న నాన్నగారి మరణం నమోదుకి వెళ్ళినప్పుడు కౌంటరులో పిల్లవాడు, ఆయన ఇంటి పేరు చెప్పినా, ముత్తాత పేరు చెప్పినా తల ఎత్తలేదు. నాకు అవమానంగానే అనిపించింది, దాచను. ఈ వయసులో మార్చుకోలేని సంగతులు కొన్ని ఉంటాయి. కాని కాగితం బయటపడిన తర్వాత ఆ పిల్లవాడు తల ఎత్తకపోవడమే నయమని అనిపించడం మొదలైంది.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. కాగితం చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని తాతగారి సంతకం దగ్గర వేలు ఆపింది.

“ఇన్నేళ్ళూ దాచీసేరా ఈ మనిషి” అంది. కాగితం తిప్పి చూసి, “ఏటి చేస్తావు?”

“పట్టుకెళ్ళి ఇచ్చేస్తాను.”

“ఉద్యోగం పోద్దేమో.”

“పోవచ్చు.”

“మరి ఊరుకోరాదా? అయ్యిందేదో అయ్యింది. ఆయనా లేరు, ఆ ఇల్లూ లేదు.”

“ఈ పదకొండు మంది ఉన్నారు కదమ్మా.”

అమ్మ కాగితం నా చేతికి ఇచ్చి, “అయితే ఎండ ముదరకముందే వెళ్ళు” అంది.

సోమవారం సెలవు పెట్టి వెళ్ళాను. టోకెను తీసుకున్నాను. నా వంతు వచ్చేసరికి అరచేతుల చెమటకి కాగితం తడుస్తుందేమోనని అట్టలు చీర కొంగుతో పట్టుకున్నాను. రిజిస్ట్రేషను చూసే ఆవిడ నాకన్నా పదేళ్ళు చిన్నది. మెడలో కార్డు, ముందు సగం తాగిన నిమ్మరసం. పేజీ చూసి, పుస్తకం నంబరు కంప్యూటర్లో కొట్టింది.

“ఇది వానలో నష్టమైందని ఎక్కించారు” అంది హిందీలో.

“వానలో కాదు.”

“మరి?”

“నేను చింపాను. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు.”

ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసింది. నా ఆసుపత్రి కార్డు బల్లమీదే ఉంది, దానివంక చూసింది. “మేడమ్, మీరు సర్కారు డాక్టరు. ఏమంటున్నారో తెలిసే అంటున్నారా?”

“తెలిసే అంటున్నాను.”

ఆమె లేచి లోపలికి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. పైవాళ్ళు రాతపూర్వకంగా అడుగుతారని చెప్పింది. ఇది రాస్తున్నప్పటికి ఆ ఉత్తరం ఇంకా రాలేదు. తపాలా మనిషి సైకిలు గేటు దగ్గర ఆగితే చేతిలో పని వదిలి గుమ్మం దాకా వెళతాను. ఆమె కూర్చుని పేజీలోని తల్లిదండ్రుల పేర్లు ఒక్కొక్కటీ కొట్టి వెతకసాగింది. చాలావాటికి ఏమీ రాలేదు. వాళ్ళు అడగలేదో, అవసరం పడలేదో, లేరో. ఒక పేరు దగ్గర ఆగింది.

“వీళ్ళ అమ్మాయి అడిగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. అంగన్‌వాడీ ఉద్యోగానికట. రికార్డు లేదని తిప్పి పంపాం.” స్క్రీను నా వైపు తిప్పింది. పేరు పెట్టలేదని రాసి ఉన్న ఆ ఆడపిల్ల. మూడు అర్జీల మీదా ఆమె పేరు ఉంది. సుఖ్‌మతి. చివరి అర్జీ నాలుగేళ్ళ కిందటిది.

“ఉద్యోగం వచ్చిందా?” అన్నాను.

“అది మా దగ్గర ఉండదు మేడమ్.”

తెల్లకాగితం ఇచ్చి జరిగింది రాయమంది. రాశాను. నాన్నగారు రాయలేనన్న వాక్యం దగ్గరకి వచ్చాను. సమాచారం ఇచ్చినది మా తాతగారు. ఆయన ఇచ్చిన సమాచారం నిజం కాదు. రెండు చిన్న వాక్యాలు. కలం కదలడానికి చాలాసేపు పట్టింది. తర్వాత, పేజీ చింపినది నేను, అని రాశాను. ఆ వాక్యం తొందరగానే వచ్చింది. సంతకం పెట్టి వీపు నిలబెట్టుకుని కూర్చున్నాను.

“రసీదు ఇస్తాను. పాత చేతిరాత నాకు సరిగ్గా తెలియడం లేదు. మీరు చదవండి, నేను కొడతాను” అంది.

చదివాను. ఒకటి నుంచి, ఒక్కొక్క పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, తేదీ. ఆమె కొడుతోంది. ముందు వైపు అయిపోయింది. కాగితం తిప్పాను. మొదటి వరస దగ్గర ఆగాను.

“ఏడు?” అంది ఆమె, స్క్రీను మీంచి చూపు తిప్పకుండా.

“ఏడు కొట్టేయండి. ఆ పిల్ల ఇక్కడ పుట్టలేదు.”

ఆమె నావైపు చూసి, ఆ వరసలో ఒక గీత కొట్టి, కింది వరసకి దిగింది. నేను ఎనిమిది చదివాను.